ముందు నిద్ర, రొట్టె... తర్వాతే బోధ

ఏలీయా ప్రవక్త జీవితంలోకెల్లా గొప్ప దినం కర్మెలు పర్వతం మీద గడిచింది. 450 మంది బయలు ప్రవక్తల ఎదుట ఒంటరిగా నిలబడి దేవుని పక్షాన గెలిచాడాయన. ఏళ్ల కరువు తీరి వాన కురిసింది. ఆ ఊపులో రాజైన అహాబు రథానికన్నా ముందు యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు కూడా. అంతటి మహాప్రవక్త, యెజెబెలు రాణి పంపిన ఒక్క బెదిరింపు కబురుకు కుప్పకూలాడు. ప్రాణభయంతో బెయేర్షెబాకు పారిపోయి, సేవకుణ్ని అక్కడే వదిలేసి, ఒక రోజు ప్రయాణమంత దూరం అరణ్యంలోకి వెళ్లి బదరీ చెట్టు కింద చతికిలబడ్డాడు. తన ప్రాణం తీసేయమని దేవుణ్ని వేడుకుని అక్కడే నిద్రపోయాడు (1 రాజులు 18, 19 అధ్యాయాలు).

అలాంటి సేవకుణ్ని దేవుడు ఏం చేశాడు? అవిశ్వాసివని గద్దించలేదు. కర్మెలు మీది అద్భుతం అప్పుడే మరిచావా అని నిలదీయలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపించాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి తలదగ్గర పెట్టించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపించి, ముందున్న ప్రయాణం అతని శక్తికి మించినదని గుర్తుచేసి మళ్లీ తినిపించాడు. అసలు సంభాషణ హోరేబు కొండ మీద, అదీ 40 రోజుల ప్రయాణం తర్వాత జరిగింది. అంటే దేవుడు ముందుగా ఏలీయా దేహాన్ని సేదదీర్చాడు. ఆ తర్వాతే అతని మనసుతో మాట్లాడాడు.

సెమినరీలో ఈ అధ్యాయం మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను. దానిమీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. కానీ దాని అర్థం నాకు తెలిసేలా చేసినవాడు హిందూపురంలో ఒక దంతవైద్యుడు. కొన్నేళ్ల క్రితం పంటినొప్పితో వెళ్తే నోరంతా పరిశీలించి, "అయ్యగారూ, మీరు నిద్రలో పళ్లు కొరుకుతున్నారు. వెనక పళ్లన్నీ అరిగిపోయాయి. మనసులో ఏమైనా ఒత్తిడి ఉందా?" అనడిగాడు. "దేవుని సేవలో ఉన్నవాణ్ని, నాకు ఒత్తిడి ఏముంటుంది డాక్టరుగారూ?" అని నవ్వేశాను. అందరిముందూ అలవాటుగా నవ్వే నవ్వే అది.

పైకి కనిపించని ఆందోళన

నాది చిన్న పరిచర్యే. కానీ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఒకే రైలు మార్గంలో వరుసగా ఉన్న ఈ మూడు ఊళ్లలోనూ మా విశ్వాస కుటుంబాలున్నాయి. ఏ ఆరాధనకూ ఆలస్యంగా వెళ్లి ఎరుగను. ఏ సమాధి కార్యక్రమమూ తప్పలేదు. 'మా అయ్యగారు మిషను మాదిరి పనిచేస్తారు' అని సంఘం మెచ్చుకునేది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, పొద్దున సంఘపెద్దతో అన్న ఒక మాటనే పదేపదే నెమరేసుకుంటూ తెల్లవారేదాకా పడి ఉండేవాణ్నని సంఘానికి తెలియదు. ఫోను మోగితే చాలు, కడుపులో దేవినట్టయ్యేదనీ తెలియదు. నా భార్యకు మాత్రం తెలుసు. "మీ భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి, ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నారా?" అనేది.

ఈ స్థితిని ఇప్పుడు 'హై ఫంక్షనింగ్ యాంగ్జైటీ' అంటున్నారు. బాధ్యతల్లో ఏ లోటూ రానివ్వకుండానే లోలోపల నిత్యం ఆందోళనతో బతకడమన్నమాట. వైద్యగ్రంథాల్లో ఈ పేరుతో ప్రత్యేకమైన జబ్బు లేదు. లక్షణాలు నెలల తరబడి వేధిస్తుంటే వైద్యులు పరీక్షించి 'జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్' వంటి జబ్బుగా నిర్ధారించవచ్చు. చిక్కేమిటంటే ఇలాంటివారు వైద్యుని దగ్గరికే వెళ్లరు. పని ఆగలేదు గనుక జబ్బు లేదనుకుంటారు. చుట్టూ ఉన్నవారు మెచ్చుకుంటుంటారు గనుక ఆ తీరు మార్చుకోరు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మానసిక సమస్యలున్నవారిలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది.

వీరు మనకు కొత్తవారు కారు. పెళ్లిళ్ల కాలంలో ఒప్పుకున్న పట్టుచీరను గడువులోగా దించాలని తెల్లవారుజామునే మగ్గం గుంటలోకి దిగే ధర్మవరం నేతన్న వారిలో ఒకరు. 2019లో పెనుకొండ దగ్గర కార్ల ఉత్పత్తి మొదలయ్యాక షిఫ్టు ఉద్యోగంలో కుదిరి, రాత్రంతా పనిచేసి వచ్చి కూడా నిద్రపట్టక తమ్ముడి ఫీజు, చెల్లెలి పెళ్లి లెక్కలు వేసుకునే కుర్రవాడు మరొకరు.

హిందూపురంలో ఒక టీచరమ్మ సంగతి మాత్రం నేను మరిచిపోలేను. ఎవరూ గుర్తుపట్టకుండా ఆమె వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను. ఇంట్లో మంచంపట్టిన అత్తగారు, ఇద్దరు పిల్లలు, బడి, ఆదివారం వస్తే సండేస్కూలు. ఎవరు ఏ పని చెప్పినా కాదనని మనిషి. ఒకరోజు ఆరాధన ముగిశాక వచ్చి, "అయ్యగారూ, ఊరికూరికే గుండె దడదడమంటోంది. ఊపిరి సగంలో ఆగినట్టుంటోంది" అంది. "ప్రార్థన తగ్గిందేమో చూసుకో తల్లీ" అన్నాను. అంతటితో ఆగకుండా, ఆ ఏడాది వేసవి బైబిలు తరగతుల బాధ్యత కూడా ఆమెకే అప్పగించాను. తలూపి వెళ్లిపోయింది. ఆ తరగతుల్లోనే, పిల్లల ముందు పాఠం చెబుతూ చెబుతూ పడిపోయింది. ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు ఏలీయా గుర్తొచ్చాడు. అలసిన మనిషికి దేవుడు రొట్టె పెట్టించాడు. నేను నెత్తిన మరో మూట పెట్టాను.

కాపలా దిగని కోట

దేహంలో ఏం జరుగుతుందో పెనుకొండ కోట ఎక్కినవారికి సులువుగా అర్థమవుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర పాలకులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. ఆ రోజుల్లో బురుజుల మీద రేయింబవళ్లు కాపలా అవసరమే. మన దేహంలోనూ అలాంటి కాపలా ఉంది. ఆపద ఎదురైతే సింపథెటిక్ నాడీవ్యవస్థ మేల్కొంటుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. పోరాడడానికో పారిపోవడానికో దేవుడు మన దేహంలో చేసిన ఏర్పాటది. ఆపద తొలగగానే పారాసింపథెటిక్ వ్యవస్థ దేహాన్ని నెమ్మదింపజేయాలి. కానీ నిత్యం ఆందోళనపడే వారిలో, శత్రువు లేకపోయినా కాపలావాళ్లు బురుజు దిగరు. మెడ, దవడ, భుజాలు పట్టేస్తాయి. ఊపిరి పైపైనే ఆడుతుంది. కడుపు చెడుతుంది. గాఢనిద్ర ఉండదు. ఆ స్థితిలో ఉన్నవారికి భయపడవద్దని ఎంత చెప్పినా ఆ మాట చెవి దాటి లోపలికి దిగదు. అందుకే కొందరు వైద్యులు దేహం ద్వారానే ఆ కాపలాను దించే మార్గాలు వెదికారు.

అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ వారిలో ముందువరుసలో ఉంటాడు. ఆందోళన ఉన్నచోట కండరాల బిగువు ఉంటుందని, ఆ బిగువును సడలిస్తే మనసూ నెమ్మదిస్తుందని వివరిస్తూ 1929లో 'ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్' అనే గ్రంథం ప్రచురించాడు. ఆయన పద్ధతి నేర్చుకోవడానికి చాలాకాలం పట్టేది. 1950లలో జోసెఫ్ వోల్పే దాన్ని కుదించి ఆందోళన చికిత్సలో భాగం చేశాడు. దేహానికి కంగారుపడే గుణం ఉన్నట్టే విశ్రమించే గుణమూ ఉందని, సాధనతో దాన్ని మేల్కొల్పవచ్చని 1975లో హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ రాశాడు. భయానక అనుభవాలు దేహంలో మిగిల్చే బిగువును దించడానికి పీటర్ లెవైన్ 'సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్' అనే పద్ధతిని రూపొందించాడు. వీటిలో కండరాల సడలింపుకు, నెమ్మదైన శ్వాసకు పరిశోధనల మద్దతు బాగానే ఉంది. లెవైన్ పద్ధతి మీద అధ్యయనాలు ఇంకా తక్కువే. ఆలోచనల తీరును సరిదిద్దే కౌన్సెలింగ్‌కు, అవసరమైనచోట మందులకు ఇవి తోడుగా ఉంటాయే తప్ప వాటికి బదులు కావు.

దంతవైద్యుని మాట మీద చివరికి బెంగళూరులో ఒక సైకాలజిస్టును కలిశాను. ఆమె నాకు నేర్పిందీ జేకబ్సన్ పద్ధతే. "కుడిచేతి పిడికిలి గట్టిగా బిగించండి" అంది. అయిదారు సెకన్లు ఉంచి, "ఇప్పుడు ఒక్కసారిగా వదిలేయండి, తేడా గమనించండి" అంది. అలా చేతులు, భుజాలు, నుదురు, దవడ, పొట్ట, కాళ్లు వరుసగా బిగించడం, వదలడం. దవడ దగ్గరికి వచ్చేసరికి బిగించడం వచ్చింది గానీ వదలడం నాకు చేతకాలేదు. అది ఎన్నేళ్లుగా బిగిసి ఉందో అప్పుడు తెలిసింది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఏమీ అడగలేదు. మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

రోజూ 15 నిమిషాలు ఇంట్లో చేయమంది. దాంతోపాటు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలమంది. నిమిషానికి ఆరు శ్వాసలన్నమాట. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం కాస్త తగ్గుతుంది. అందుకే వదిలే ఊపిరి నిడివి పెంచడం. ఒక్కరోజులో ఏమీ మారలేదు. కొన్ని వారాలకు రాత్రి మెలకువలు తగ్గాయి. దిగులు ఇప్పటికీ వస్తుంది. అయితే అది భుజాల దగ్గర ఉండగానే పసిగట్టగలుగుతున్నాను.

ఈ మాట ధర్మవరంలో ఒక నేతన్నతో చెబితే, "పడుగు బిగువుగా లేకుంటే నేత సాగదు అయ్యగారూ. అట్లని మరీ బిగిస్తే పోగులు తెగిపోతాయి. చేత్తో తట్టి చూసుకుంటుండాల" అన్నాడు. ఈ చికిత్స నేర్పే మొదటి పాఠమూ అదే. బాధ్యత తెచ్చే బిగువు తప్పుకాదు. ఆ బిగువు ఎంతుందో తడిమి చూసుకోకపోవడమే ప్రమాదం.

విశ్వాసానికి విరుద్ధమా?

"ఇది యోగాలాంటిదే కదా, మనం చేయవచ్చా?" అని సంఘంలో కొందరు అడిగారు. నేలమంటితో మనిషిని చేసి అతనిలో ఊపిరి ఊదినవాడు దేవుడేనని ఆదికాండం చెబుతోంది. ఆ ఊపిరిని నెమ్మదిగా పీల్చి వదలడం పాపమెలా అవుతుంది? యోగాతో మేలు పొందిన మన పొరుగువారిని తప్పుపట్టాల్సిన పనీ లేదు. జేకబ్సన్ పద్ధతిలో మంత్రమూ లేదు, ఆరాధనా లేదు. అది వైద్యం. యేసుప్రభువు తుఫానులో పడవ వెనుకభాగాన తలగడ మీద నిద్రపోయాడు. భోజనానికి కూడా తీరికలేని శిష్యులను ఏకాంతస్థలానికి వచ్చి కాస్త విశ్రమించమన్నాడు. గెత్సేమనే తోటలో ఆయన చెమట రక్తబిందువుల్లా నేలమీద పడింది. వేదన ఆయన దేహంలోనూ కనిపించింది, ఆయన దాన్ని దాచుకోలేదు.

మనకేమో దాచుకోవడమే భక్తి అయింది. 1907లో మనదేశానికి వచ్చిన ప్రఖ్యాత మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ ఎడతెగని పనితో నరాల బలం కోల్పోయి కొన్నేళ్లలోనే పలుమార్లు కుప్పకూలాడు. ఆ సంగతి తానే బహిరంగంగా చెప్పుకున్నాడు. కోలుకుని దేశమంతా తిరిగి, 1950లో లక్నోలో నూర్ మంజిల్ మానసిక వైద్యకేంద్రాన్ని స్థాపించాడు. ప్రార్థనకూ వైద్యానికీ పోటీ లేదనడానికి అంతకన్నా సాక్ష్యమేం కావాలి?

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. గుండెదడ అనగానే అది ఆందోళనేనని మనమే తేల్చేయకూడదు. థైరాయిడ్ సమస్య, రక్తహీనత, గుండెజబ్బుల్లోనూ అదే లక్షణం ఉంటుంది. ముందు వైద్యపరీక్ష జరగాలి. మన టీచరమ్మకు రక్తహీనత కూడా ఉందని ఆసుపత్రిలో తేలింది. అందరికీ వడ్డించి, తాను మిగిలింది తినే మనిషి మరి! వాడుతున్న మందులు సొంతంగా మానేయకూడదు. గతంలో హింసకు, ఘోరాలకు గురైన కొందరికి కళ్లు మూసుకుని దేహాన్ని గమనిస్తే భయం పెరగవచ్చు. అలాంటివారు నిపుణుల దగ్గరే నేర్చుకోవాలి. ఏలీయాకు వచ్చినట్టే చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకూడదు. వెంటనే ఎవరికైనా చెప్పాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంకొక మాట. నేతన్న అప్పును ఊపిరి తీర్చదు. టీచరమ్మ చాకిరీని కండరాల సడలింపు తగ్గించదు. హోరేబులో దేవుడు ఏలీయాకు తోడుగా ఎలీషాను చూపించాడు. బయలుకు మోకరించనివారు ఇంకా 7,000 మంది ఉన్నారని చెప్పాడు. నువ్వొక్కడివే మోయనక్కర్లేదనడం కూడా చికిత్సలో భాగమే. ఆ భాగం సంఘానిది.

టీచరమ్మ ఇంటికి నేనూ నా భార్యా కలిసి వెళ్లాం. నా భార్య రాగిసంగటి, పప్పు వండి తీసుకొచ్చింది. నేను క్షమాపణ అడిగాను. సండేస్కూలు బాధ్యత ఇద్దరు యువకులు తీసుకున్నారు. ప్రతి శనివారం మధ్యాహ్నం సంఘంలోని ఒక సహోదరి వెళ్లి అత్తగారి దగ్గర కూర్చోసాగింది. రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో టీచరమ్మ లేచి నిలబడింది. ఏ అద్భుతం చెబుతుందోనని అందరం చూస్తున్నాం. "నిన్న మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోయాను" అని చెప్పి కూర్చుంది.

సంఘమంతా 'ఆమేన్' అంది.