నీటి హీట్ పంపు: లోపమెచట వెదకవలెను?

రిఫ్రిజిరేటరు వెనుక చేయి పెట్టి చూచినవారికి అచట వెచ్చగా నుండునని తెలియును. లోపలి పాలనుండి, పండ్లనుండి తొలగిన వేడిమియే ఆ వెనుక బయటపడుచున్నది. చల్లని చోటి వేడిమిని తీసి వెచ్చని చోటికి చేర్చు ఈ పనినే పెద్దయెత్తున చేయు యంత్రమునకు హీట్ పంపు అని పేరు. అది తీసికొను వేడిమి నదినుండియో, చెరువునుండియో, బావినుండియో వచ్చినచో దానిని నీటి హీట్ పంపు అందురు.

ఆలోచన పాతదే. పిమ్మట లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధిచెందిన విలియం థామ్సన్ 1852లోనే ఇట్టి యంత్రమును ఊహించెను. స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున లిమ్మట్ నదిని ఆనుకొని నిలిచిన పురమందిరమునకు 1938లో ఒక హీట్ పంపును అమర్చిరి. ఆ నదినీటి వేడిమితోనే అది 2001 వరకు, అనగా 63 సంవత్సరములు, ఆ భవనమును వెచ్చజేసినది. స్టాక్‌హోములో 1980 తరువాతి దశకమున సముద్రపు నీటితో పనిచేయు మహాయంత్రములను నెలకొల్పిరి. గడ్డకట్టుటకు సిద్ధముగా నున్న నీటిలో వేడిమి యెక్కడిదని శ్రోతలు అడుగవచ్చును. నాలుగు డిగ్రీల నీరైనను, తనకంటె చల్లనైన ద్రవమునకు పొయ్యి వంటిదే. యంత్రపు గొట్టములలోని ద్రవము సున్న డిగ్రీలకు దిగువనే మరిగి ఆవిరి కాగలదు. దానినే మనము వాడుకలో గ్యాసు అనుచున్నాము. నీటి వేడిమికి మరిగిన ఆ ఆవిరిని కంప్రెసరు నొక్కి వేడెక్కించి, గదులను వెచ్చజేయు వైపునకు నెట్టును. అచట తన వేడిమిని విడిచి ఆవిరి మరల ద్రవమగును. యంత్రము సరిగా నడచుచున్నచో, ఒక యూనిట్టు కరెంటునకు మూడు నాలుగు యూనిట్ల వేడిమి లభించును.

మన ప్రాంతములలో గదులను వేడిచేయు అవసరము అరుదు. కాని పెద్ద ఆసుపత్రులలో, సినిమాహాళ్లలో, రేడియో స్టూడియోలలో నీటితో నడచు శీతలయంత్రములు ఈ కుటుంబములోనివే. అవి గదులలోని వేడిమిని తెచ్చి నీటిలో పడవేయును. అందుచేత ఈ యంత్రముల సంరక్షణ మనకును అక్కరకు వచ్చు విషయమే.

2014 మే నెలలో ఒక సాయంకాలము మా స్టూడియోలో నాటకమును ప్రత్యక్షముగా ప్రసారము చేయవలసి యుండెను. స్టూడియోకు కిటికీలుండవు. తలుపులు మూసిన అరగంటకు లోపల ఉడుకబోతకు తట్టుకొనుట కష్టము. అట్టి సమయమున శీతలయంత్రము మూడుమార్లు ఆగిపోయినది. ప్రెషరు మితిమీరినప్పుడు యంత్రమును ఆపు స్విచ్చి దానిని ఆపుచున్నది. పిలువగా వచ్చిన మెకానిక్కు, గ్యాసు తగ్గినదని తేల్చి సిలిండరు దింపించెను. మా ఇంజనీరుగారు మాత్రము రెండు థర్మామీటర్లు తెమ్మనిరి. యంత్రములోనికి వచ్చు నీరు 32 డిగ్రీలు. వెలుపలికి పోవు నీరు 43 డిగ్రీలు. మా పుస్తకములో ప్రతిదినము వ్రాయుచున్న తేడా అయిదు డిగ్రీలే. తేడా రెట్టింపునకు మించినదనగా, మోయవలసిన వేడిమి అంతయే యుండి, దానిని మోయు నీరు సగమునకంటె తగ్గినదని అర్థము. పంపు ముందరి జల్లెడను విప్పగా నాచును, ప్లాస్టికు సంచుల పీలికలును చేటెడు వచ్చినవి. ఇరువది నిమిషములలో యంత్రము మామూలుగా తిరుగసాగెను. ఆనాడు గ్యాసు ఎక్కించియున్నచో, అప్పటికే మితిమీరిన ప్రెషరు మరింత పెరిగియుండును. నాటకములోని రాజుగారు కిరీటము తీసి విసరుకొనవలసి వచ్చెడిది!

ఆ రెండు థర్మామీటర్లే ఈ విద్యకు నాడి. నీటిలో తేడా పెరిగినదా, ముందుగా నీటి కొరతను వెదకవలెను: జల్లెడ పూడినదా, ఎవరైన కవాటమును సగము మూసి మరచిరా, గొట్టములో గాలి చిక్కినదా, పంపు అరిగినదా అని వరుసగా చూడవలెను. తేడా పెరుగక, నీరు పుష్కలముగా పారుచున్నను, వేడి వైపు ప్రెషరు మాత్రము పెరిగినచో గొట్టముల లోపల సున్నపు పెచ్చు కట్టినదని అనుమానింపవచ్చును. బోరునీరు కాచిన గిన్నె అడుగున కనబడు తెల్లని పొరయే అది. వేడెక్కిన నీటినుండియే ఇది పేరుకొనును గనుక, చల్లదనమునకై నడచు యంత్రములకు దీని బెడద ఎక్కువ. నదినీటినుండి వేడిమి తీయు యంత్రములలో నీరు చల్లబడును గనుక పెచ్చుకంటె ఒండ్రు, నాచు, గుల్లలు ఎక్కువ బాధించును. పెచ్చును తేలికయైన ఆమ్లద్రావణముతో కరిగించి, పిమ్మట మంచినీటితో కడుగుదురు. అది తెలిసినవారు చేయవలసిన పని. ఆమ్లము ఎక్కువైనచో పెచ్చుతోపాటు రాగిగొట్టమునే తినివేయును.

ఇక గ్యాసు నిజముగా తగ్గినప్పుడు గుర్తు వేరు. రెండు వైపుల ప్రెషర్లును తగ్గును. నీటిలోని తేడాయు తగ్గును. మూసియున్న గొట్టములలోని గ్యాసు దీపములోని నూనెవలె ఖర్చయి పోవునది కాదు. తగ్గినదనగా ఎచటనో కారినదనియే అర్థము. గ్యాసు వెంట కంప్రెసరు నూనెయు తిరుగును గనుక, అతుకుల వద్ద జిడ్డుమరక కనబడినచో అచట సబ్బునురుగు పూసి బుడగలకై చూతురు. చిల్లు పూడ్చక గ్యాసు నింపుట ఓటికుండలో నీరు పోయుటయే. ఏటేట గ్యాసు పట్టించుకొనువారు ఈ మాటను మెకానిక్కుతో నిర్మొగమాటముగా చెప్పవలెను.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మరియొకటి గలదు. చలిదేశములలో, యంత్రము నీటినుండి వేడిమిని లాగుచున్న సమయమున నీరు తగ్గినచో, ఆ కొద్దిపాటి నీరు గొట్టములోనే గడ్డకట్టును. నీరు మంచయినప్పుడు సుమారు నూటికి 9 వంతులు పెరుగును. ఆ ఒత్తిడికి లోహపు గొట్టము పగులును. మంచు కరగగానే నీరు గ్యాసుదారిలో ప్రవేశించి కంప్రెసరును చెరచును. పది నిమిషములలో తుడువదగిన జల్లెడ కొరకు యంత్రమంతయు పోవును. దీనిని నివారించుటకే, నీటి ప్రవాహము తగ్గినను, చల్లని వైపు ప్రెషరు పడిపోయినను యంత్రమును ఆపు స్విచ్చులను అమర్చుదురు. మాటిమాటికి ఆగుచున్నదని విసుగెత్తి ఆ స్విచ్చు తీగలను కలిపివేయు వారిని మేము చూచితిమి. ఆగిన యంత్రమును ఒకమారు మరల నడపి చూడవచ్చును. రెండవమారు ఆగినచో కారణము కనుగొనువరకు నడపరాదు.

నిత్యసంరక్షణ నిజమునకు స్వల్పము. నీరు మురికిగా నున్నచోట జల్లెడను వారమునకొకమారు, తేటగా నున్నచోట నెలకొకమారు తీసి చూడవలెను. గాలిని వడగట్టు జల్లెడను కూడ మరువరాదు. నీటి రెండు ఉష్ణోగ్రతలు, రెండు ప్రెషర్లు, ఈ నాలుగు అంకెలను తేదీతో ఒక నోటుపుస్తకములో వ్రాయుచుండవలెను. యంత్రము బాగుగా నున్న దినములలో వ్రాసినవే ఎక్కువ విలువైనవి. మా 43 డిగ్రీలు తప్పని ఆ సాయంకాలము తెలిసినది, అంతకుముందు దినముల అంకెలు పక్కపేజీలో నుండుట చేతనే.