నిద్రమాత్రకు ముందు అడగాల్సిన ప్రశ్నలు

బస్తర్‌లో పనిచేస్తున్న నాకు, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్రాంచికి వచ్చే పెన్షనర్ల నోట తరచూ వినిపించే మాట ‘రాత్రి నిద్ర పట్టడం లేదు’. సొంతూళ్లలో ఉన్న మన అమ్మానాన్నలూ ఫోన్‌లో ఇదే చెబుతారు. మనకు వెంటనే నిద్రమాత్ర గుర్తొస్తుంది. కానీ చికిత్స అక్కడ మొదలు కాదు.

ముందు లెక్క చూడాలి. పల్లెలో రాత్రి 7.30కే నిద్రపోయిన పెద్దాయనకు 2.30కి మెలకువ వస్తే, అప్పటికే 7 గంటలు నిద్రపోయినట్టు. 65 దాటినవారికి సాధారణంగా 7, 8 గంటలు చాలు. అలా కాక వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలపాటు నిద్ర కరవై, పగటి పనులు కుంటుపడితే అది దీర్ఘకాలిక నిద్రలేమి.

తర్వాత కారణం వెతకాలి. మోకాళ్ల నొప్పులు, మూత్రానికి లేవడం, గురక, దిగులు, సాయంత్రం వేసుకునే నీటి మాత్ర ఏదైనా కావచ్చు. బస్తర్ పల్లెల్లో ఇప్పసారా, సల్ఫీ, మన ఊళ్లలో కల్లు తాగితే త్వరగా నిద్ర పడుతుంది, నడిరేయి మెలకువా వస్తుంది.

2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్సగా సూచించింది మాత్రను కాదు, సీబీటీ-ఐని. అంటే నిద్ర అలవాట్లనూ, నిద్ర గురించిన బెంగనూ సరిచేసే పద్ధతి. దానిలో ముఖ్యమైనవి ఇవి:

• రోజూ ఒకే వేళకు లేవాలి.
• నిద్ర ముంచుకొచ్చాకే మంచమెక్కాలి.
• పడుకున్న 20 నిమిషాలకూ నిద్ర రాకపోతే లేచి కూర్చోవాలి.
• పగటి కునుకు అరగంట దాటకూడదు.
• పొద్దున కాసేపు ఎండలో నడవాలి.
• మంచం మీద గడిపే వేళను డాక్టరు సలహాతో కుదించాలి.

ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. అల్‌ప్రాజోలం, క్లోనజెపాం వంటి మాత్రలతో వృద్ధులకు తూలు, తికమక వస్తాయి. రాత్రి బాత్రూముకు వెళ్తూ పడితే తుంటి ఎముక విరగవచ్చు. ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

పల్లెలో మానసిక వైద్యులు దొరకరు. అందుకే టెలి మానస్ 14416 నంబరు రాసిపెట్టుకోండి. ఇది 2022 అక్టోబరులో మొదలైన ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘నిద్ర పట్టిందా’ అని మాత్రమే కాదు, ‘ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు’ అనీ అడగండి.