గోల్ఫు బంతికి తగిన దెబ్బ

రేడియోలో క్రీడావార్తలు వినునపుడు క్రికెట్టు, హాకీల నడుమ అప్పుడప్పుడు గోల్ఫు మాటయు చెవిని బడుచుండును. విన్నవారిలో పెక్కుమంది అది ధనవంతుల వినోదమని, తమకు సంబంధించినది కాదని ఊరకుందురు. మైదానమునకు, పరికరములకు అగు వ్యయమును తలచినచో ఆ అభిప్రాయము పూర్తిగా తప్పని చెప్పలేము. కాని ఆ ఆటకు మూలమైన విద్య ఒక్కటే: నేలపై కదలక పడియున్న చిన్న వస్తువును చేతికర్రతో శుభ్రముగా కొట్టుట. ఈ విద్య నల్లగొండ, మహబూబునగరు జిల్లాల పల్లెలకు క్రొత్త కాదు. చిర్రగోనె ఆడి పెరిగినవారికి అందులో సగము ముందే తెలిసియుండును. మిగిలిన సగము మాత్రము వారి అలవాటునకు సరిగా ఎదురు నడచును. ఆ రెండవ సగమును గూర్చియే ఈ ప్రసంగము.

ముందుగా ఆట స్వరూపమును క్లుప్తముగా చెప్పుకొందము. గోల్ఫు మైదానములో దూరదూరముగా 18 గుంతలుండును. ఒక్కొక్క గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. బంతి వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. తక్కువ దెబ్బలలో బంతిని గుంతలన్నిటిలోను వేసినవారు గెలుతురు. మన జిల్లాలవారు హైదరాబాదునకు పోయినపుడు గోల్కొండ కోటను చూచి వచ్చుట పరిపాటి. అబ్దుల్లా కుతుబ్ షా కాలమున ఆ కోటకు చేర్చి కట్టిన నయాఖిలాలో నేడు గోల్ఫు మైదానము కలదు. ఏనుగుల చెట్టని పేరుపడిన పెద్ద బావోబాబు వృక్షమును చూడబోయినవారు ఆ పచ్చిక బయలును కూడ చూచియే యుందురు.

ఇక చిర్రగోనె మాట. చిర్ర యనగా రెండు కొనలు సన్నముగా చెక్కిన పొట్టి కట్టె. గోనె యనగా చేతితో పట్టి కొట్టు పొడుగు కట్టె. నేలపై నున్న చిర్ర కొనను గోనెతో తట్టగా అది గాలిలోనికి ఎగురును. ఎగిరినదానిని అంతలోనే దూరముగా కొట్టవలెను. ఇట్లు ఆడి ఆడి పిల్లలకు మూడు గుణములు అబ్బును. కన్ను వస్తువును విడువదు. మణికట్టు బిగుసుకొనక ఆడును. దెబ్బకు తగిన క్షణము ఎవరును చెప్పకయే తెలియును. ఈ మూడును గోల్ఫునకు మిక్కిలి ఉపకరించునవే. అయితే చిర్రకు దెబ్బ తగులునది గాలిలో. అందుచేత గోనెను క్రిందినుండి పైకి ఎత్తి కొట్టుట ఆటగానికి అలవడును. గోల్ఫు బంతి తట్టిన ఎగురదు. ఎత్తి కొట్టు అలవాటుతో దానిని సమీపించినచో కష్టము మొదలగును.

క్రొత్తవాడు బంతిని చూచి, ఇది పైకి లేవవలెను గదా, దీని క్రిందికి కర్రను చొప్పించి లేపుదునని తలచును. అందుకై దెబ్బవేళ శరీరమును వెనుకకు వాల్చును. బరువంతయు వెనుక కాలిపై నిలుచును. కర్ర తిరుగు త్రోవ ఒక వలయము వంటిది. ఆ వలయము నేలకు అన్నిటికంటె దగ్గరగా వచ్చు చోటు ఒకటి యుండును. దానిని అడుగుచోటు అందము. శరీరము వెనుకకు వాలినపుడు ఆ అడుగుచోటు కూడ బంతికి వెనుకకు జరుగును. అప్పుడు జరుగునవి రెండే. కర్ర ముందు నేలను తాకి, వేగము చచ్చి, పిదప బంతిని చేరును. బంతి నాలుగడుగులు పోయి ఆగును. లేదా కర్ర అడుగుచోటును దాటి పైకి లేచుచు బంతి నెత్తిని తాకును. బంతి నేలబారుగా దొర్లిపోవును. రెండును చూచుటకు వేరుగా నున్నను పుట్టుక ఒక్కచోటనే.

మన చెల్క భూములలో మొదటి తప్పునకు శిక్ష వెంటనే పడును. వానలు వెనుకబడిన పిమ్మట ఎఱ్ఱచెల్క గట్టిపడును. ఇనుప కర్ర దానిని తాకినచో ఆ అదరు మణికట్టు మీదుగా మోచేతి వరకు ఎక్కును. ఆటగాడు ఇది తన బలహీనత యని భ్రమపడి మరింత బలముగా కొట్టును, తప్పు మరింత పెరుగును, నొప్పియు పెరుగును. నేర్వవచ్చిన పిల్లలలో, అందును సన్నని దేహము గలవారిలో, “ఈ ఆట మాకు రాదు” అని కర్ర క్రింద పెట్టువారు ఈ ఘట్టముననే పెట్టుదురు. వారికి కొరతపడినది బలము కాదు. అడుగుచోటును కొద్ది అంగుళములు ముందుకు తెచ్చుకొనిన చాలును.

మరి ఎత్తి కొట్టకున్నచో బంతి పైకి ఎట్లు లేచును? కర్ర ముఖము నిటారుగా నుండదు, వెనుకకు వాలియుండును. నేలమీది బంతికి సామాన్యముగా వాడు ఏడవ నెంబరు ఇనుప కర్రకు ఈ వాలు సుమారు 30 నుండి 35 డిగ్రీలు. కర్ర కొద్దిగా క్రిందికి దిగుచు బంతిని తాకినను, ఆ వాలే బంతిని పైకి పంపును. అంతేకాక బంతికి వెనుకవైపు తిరుగుడును కలిగించును. అట్లు తిరుగుచు పోవు బంతి తన చుట్టునున్న గాలిని క్రిందికి త్రోయును. గాలి బంతిని పైకి మోయును. ఎడింబరో విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రాచార్యుడైన పీటర్ గత్రీ టెయిట్ 1890లలో ఈ సంగతిని లెక్కకట్టి చూపెను. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ టెయిట్ 1896లోను, 1898లోను బ్రిటిషు అమెచ్యూర్ పోటీలో విజేత. తండ్రి కాగితముపై తేల్చినదానిని కొడుకు మైదానమున చేయుచుండెను. నేటి బంతిపై కనబడు చిన్నచిన్న గుంటలును అలంకారమునకు గాదు. నున్నని బంతికంటె గుంటలున్న బంతికి గాలి అడ్డు తక్కువ. గాలి మోతయు బాగుగా అందును.

కర్ర, బంతి ఒకదానినొకటి తాకియుండు కాలము సెకనులో సుమారు రెండువేలవ వంతు. ఆ తాకిడి వార్త చేతినుండి మెదడునకు చేరునప్పటికి బంతి ఎప్పుడో వెడలిపోయి యుండును. కావున దెబ్బ తగులు క్షణమున మణికట్టు త్రిప్పి లేపుదుననుట పనికిరాని ప్రయత్నము. చేయవలసినదంతయు ముందే చేసియుండవలెను.

ఇది పాలమూరు కష్టజీవులకు తెలిసిన సూత్రమే. దేశములో అనేక ఆనకట్టలకు మట్టిమోసి రాళ్లు కొట్టినవారు ఈ ప్రాంతమువారు. రాయి కొట్టు అనుభవజ్ఞుని చూడుడు. అతడు ముందుగా రాతిలో పొర ఎచట నున్నదో చూచుకొనును, కాళ్లు కుదుర్చుకొనును, సమ్మెటను ఎత్తి, దాని బరువును దిగనిచ్చును. దిగునపుడు పిడిని పిసికి పట్టడు. క్రొత్తగా వచ్చినవాడు పది దెబ్బలలో అలసిపోవును. ఇతడు ప్రొద్దు వాలువరకు కొట్టును. గోల్ఫు కర్ర సమ్మెటవలె బరువైనది కాకున్నను నియమము అదియే.

ఇపుడు సాధన క్రమము. కుడిచేతివాటము వారికని చెప్పుచున్నాను. ఎడమచేతివాటము వారు తారుమారు చేసికొనవలెను. కాళ్లు భుజముల వెడల్పున ఎడముగా నుంచి, బంతిని ఇంచుమించు రెండు పాదముల నడుమ నుంచుకొనవలెను. పట్టు జారనంత మాత్రముండిన చాలును. కర్రను వెనుకకు ఎత్తునపుడు బరువు కొంత కుడికాలికి పోవును. దించునపుడు చేతులకంటె ముందుగా నడుము కదలి, బరువు ఎడమకాలికి రావలెను. బంతిని తాకునప్పటికి బరువులో అధికభాగము ఎడమకాలిపై నుండి, చేతులు బంతికంటె కొద్దిగా ముందుండవలెను. అప్పుడు కర్ర ముందు బంతిని, పిదప నేలను తాకును. నేలపై మచ్చ బంతియున్న చోటికి ముందుపక్కనే పడును.

ఈ మచ్చయే గురువు. దానిని చూచుటకు పచ్చిక మైదానము అక్కరలేదు. నీటి ఎద్దడిగల ఈ సీమలో దానికై వెదకనూ వలదు. బీడుచేనిలో రాళ్లేరి, పారతో పైమన్ను గుల్లచేసి, బూడిదతో ఒక గీత గీయవలెను. గీత బంతి పోవలసిన దిక్కునకు అడ్డముగా నుండవలెను. గీత రెండు పాదముల నడుమకు వచ్చునట్లు నిలిచి, బంతి లేకయే, చేతులు నడుము ఎత్తు దాటకుండ మెల్లగా పది పర్యాయములు కర్ర త్రిప్పవలెను. మచ్చ గీతపైనగాని, గీతకు ముందుగాని మొదలైనచో దెబ్బ సరియైనది. గీతకు వెనుక మొదలైనచో బరువు ఇంకను కుడికాలిపైననే యున్నదని గుర్తు. పదింట ఏడెనిమిది సరిపడిన నాడు గీతపై బంతి నుంచవచ్చును. దూరమును ఆ నాడే కోరరాదు, ధ్వనిని వినవలెను. మన్ను తాకిన దెబ్బ బొద్దుగా మ్రోగును. బంతి మొదట తగిలినచో చిన్నగా, గట్టిగా, తేటగా మ్రోగును.

ఒక హెచ్చరిక. చిర్ర తగిలి కన్నునకు దెబ్బ తినిన పిల్లలు పల్లెలలో లేకపోలేదు. గోల్ఫు బంతి చిర్రకంటె వేగముగా పోవును. కొట్టువానికి ఎదురుగాను, వెనుక కర్ర అందు దూరమునను ఎవరును నిలువరాదు.

ఎత్తి కొట్టు అలవాటు గోల్ఫులో ఎన్నడును పనికిరాదని మాత్రము అనుకొనరాదు. ప్రతి గుంతకు మొదటి దెబ్బలో బంతిని చిన్న మేకుపై నిలుపుకొనుటకు అనుమతి కలదు. వాలు తక్కువైన పొడవాటి డ్రైవరు కర్రతో దానిని కొద్దిగా పైకి లేచు దెబ్బతో కొట్టుదురు. అచట చిర్రగోనె చేయి చక్కగా సరిపడును. బంతి నేలకు దిగిన పిమ్మట ఆ చేతిని మరువవలెను.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో బెంగుళూరు యువతి అదితి అశోక్ నాలుగవ స్థానమున నిలిచెను. ఒక్క దెబ్బ తేడాతో ఆమెకు కాంస్యపతకము తప్పిపోయినది. దూరము కొట్టుటలో ఆమెకంటె బలవంతులు ఆ పోటీలో పలువురుండిరి. బంతిని తలచినచోట దించి, సున్నితముగా గుంత చేర్చుటలో ఆమె వారిలో అనేకులను వెనుక వేసెను. మన ఊరి బీడుచేనిలో బూడిదగీతపై నిలిచిన బాలుడుగాని, బాలికగాని తన కండలను చూచుకొని నిరాశపడవలసిన పనిలేదు. గీతకు ఏ పక్కన మచ్చ పడినదో వంగి చూచుకొనిన చాలును.