కన్ను లొట్టపోయింది, చూపు పోలేదు

"చావు తప్పి కన్ను లొట్టపోయింది" అంటారు మనవాళ్ళు. నాకు చావు గండమేమీ రాలేదు గానీ, ఎడమ కన్ను మాత్రం నిజంగానే లొట్టపోయింది. ఇక్కడ వెల్లింగ్టన్‌లో క్లయింట్లు "రాత్రి నిద్ర లేదా?" అంటారు. అమ్మయితే వీడియో కాల్‌లో "ఆ కన్నేమిట్రా, సరిగ్గా తింటున్నావా?" అంటుంది.

దీన్ని పారీ-రాంబర్గ్ సిండ్రోమ్ అంటారు. ముఖంలో ఒక పక్క చర్మం కింది కొవ్వు, కండ, కొందరిలో ఎముక కూడా మెల్లగా కరిగిపోతాయి. రాంబర్గ్ దీన్ని 1846లోనే వర్ణించినా కారణం ఇప్పటికీ తేలలేదు. కనుగుడ్డు వెనక కొవ్వు మెత్తలా ఉంటుంది. అది తగ్గితే గుడ్డు లోపలికి జరుగుతుంది. రెండు కళ్ళకీ రెండు మిల్లీమీటర్ల తేడా వస్తే చాలు, ఎదుటివారికి తెలిసిపోతుంది.

ఈ కరుగుడు కొన్నేళ్ళు సాగి, దానంతటదే ఆగుతుంది. ఆగేదాకా సాధారణంగా సర్జరీ చెయ్యరు. రోజూ మారే కోడ్‌కి ప్యాచ్ వేస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. మరి ఆగిందని తెలిసేదెలా? పాత వెర్షన్‌తో పోల్చి చూడాలి. అందుకే ఆరు నెలలకోసారి అదే కుర్చీ, అదే దూరం, అదే వెలుతురులో ఫొటో తీసుకుంటాను. సెల్ఫీ పనికిరాదు. దగ్గరనుంచి తీస్తే ముఖం కొలతలు మారిపోతాయి.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. ఈ దేశంలోని డ్యునెడిన్‌లో 1882లో పుట్టిన హెరాల్డ్ గిల్లీస్, మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు దెబ్బతిన్న సైనికులకు ఇంగ్లండులో ఆపరేషన్లు చేశాడు. వైద్యం చదివి చిత్రకారుడైన హెన్రీ టాంక్స్ ఆ ముఖాలను ఆపరేషన్‌కి ముందూ తరవాతా బొమ్మలు గీసి పెట్టాడు.

రెండేళ్ళుగా నా ఫొటోల్లో తేడా లేదు. ఇప్పుడు పొట్ట దగ్గరి కొవ్వు తీసి ముఖంలో నింపవచ్చు. అందులో కొంత మళ్ళీ కరుగుతుంది కాబట్టి ఒక్కసారితో అయిపోకపోవచ్చు. చాలా అరుదే అయినా, కొవ్వు రక్తనాళంలోకి పోతే చూపు పోవచ్చు. కంటి చుట్టూ ఆ భయం మరీ ఎక్కువ. నా కన్ను చక్కగా కనిపిస్తోంది. అందుకని చెంప వరకూ ఒప్పుకున్నాను, కంటి జోలికి ఇప్పట్లో పోదలచుకోలేదు. వీడియో కాల్స్‌కి దీపం నెత్తిమీద నుంచి ఎదురుగా మార్చాను, నీడ సగం తగ్గింది.

మీలో ఎవరికైనా ఒక కన్ను లోతుకు పోతోందనిపిస్తే, డాక్టరు దగ్గరకు పాత ఫొటోలు పట్టుకెళ్ళండి. సైనస్ మూసుకుపోయినా ఇలా జరగవచ్చు, దానికి వైద్యం వేరు. వీసాల పుణ్యమా అని మన దగ్గర పాస్‌పోర్టు ఫొటోలకు కొదవ లేదు కదా!