పల్లెటింటికి ప్రభుత్వ ఋణము: అర్హత తెలిసికొనుట యెట్లు?

గ్రామీణ గృహ నిర్మాణమునకు ప్రభుత్వము తోడ్పడుట మనకు క్రొత్త గాదు. 1957లో, రెండవ పంచవర్ష ప్రణాళికా కాలమున, గ్రామ గృహ నిర్మాణ పథకము ఆరంభమైనది. 1979లో మన రాష్ట్రమున గృహ నిర్మాణ సంస్థ వెలసినది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస యోజన 2016లో ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజనగా మారినది. పేర్లు మారినను ప్రశ్న యొక్కటే: ఏ యిల్లు అర్హమైనది? ఇంటిని కంటితో చూచి దీనికి సమాధానము చెప్పలేము. ఊరు, స్థలము, కుటుంబము అను మూడింటిని గూర్చి రికార్డులలో నున్నదే ప్రమాణము.

మొదటిది ఊరు. అనకాపల్లినే తీసికొందము. చుట్టును చెరకు తోటలు, పేరుపొందిన బెల్లపు మార్కెట్టు చూచినవారు దీనిని పల్లెసీమగానే తలంతురు. కాని యీ పట్టణము 2013లో మహా విశాఖపట్నం నగరపాలక సంస్థలో కలిసినది. 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. కనుక పట్టణపు టెల్లలలోని యిల్లు గ్రామీణ పథకము క్రిందికి రాదు. పట్టణము వెలుపలి పల్లెలలోను జాగ్రత్త యవసరమే. నగరాభివృద్ధి సంస్థల పరిధిలోని పల్లెలను పెక్కింటిని రాష్ట్రము పట్టణ గృహ పథకమున చేర్చినది. మీ ఊరు ఏ పద్దులో నున్నదో ముందుగా గ్రామ పంచాయతీ కార్యాలయమున విచారింపుడు.

రెండవది స్థలము. చిక్కంతయు నిచ్చటనే యున్నది. పూర్వపు సర్వేలలో ఊరి నివాస భూమినంతను గ్రామకంఠమని యొక్క ముక్కగా చూపిరి. ఇంటింటికి యజమాని పేరు వ్రాయలేదు. తాతలనాటి యింట కాపురముండియు పత్రము చూపలేని కుటుంబము లెన్నో కలవు. ఇంటిపన్ను రసీదు పన్ను చెల్లించినట్లు తెలుపునే గాని హక్కును నిరూపింపదు. తాకట్టునకు హక్కు పత్రము లేనిచో బ్యాంకు గృహ ఋణ మీయదు. అప్పుడు అధిక వడ్డీకి బయట అప్పు చేయవలసివచ్చును. ఈ లోపమును తీర్చుటకే 2020 ఏప్రిల్ 24న కేంద్రము స్వామిత్వ పథకమును ప్రారంభించినది. డ్రోనులతో నివాస స్థలములను కొలిచి యజమానికి ఆస్తిపత్ర మిచ్చుట దీని యుద్దేశము. కొన్న యిల్లైనచో రిజిస్టరు దస్తావేజును, ఈసీ యని పిలుచు పత్రమును చూచుకొనవలెను. ప్రభుత్వ మిచ్చిన నివేశన స్థలమైనచో పట్టాలోని షరతులను చదివిన పిమ్మటనే కొనవలెను.

మూడవది కుటుంబము. గ్రామీణ ఆవాస యోజన ఇల్లు లేనివారికిని, మట్టిగోడలు, పూరికప్పు గల ఒకటి రెండు గదుల యిండ్లవారికిని ఉద్దేశింపబడినది. 2024లో సవరించిన నిబంధనల ప్రకారము రెండు చక్రముల మోటారు బండి యున్నంతమాత్రమున అర్హత పోదు. ఇంటిలో నొకరు నెలకు 15,000 రూపాయలకు మించి యార్జించినను, రెండున్నర ఎకరములు గాని అంతకు మించి గాని తరి భూమి యున్నను అర్హత యుండదు. చెరకు రైతులు ముఖ్యముగా గమనింపవలసినది మరియొకటి కలదు: 50,000 రూపాయలు గాని అంతకు మించి గాని పరిమితి గల కిసాన్ క్రెడిట్ కార్డు కూడ అనర్హతయే.

ఎంపికైనవారికి మైదాన ప్రాంతమున లభించు 1,20,000 రూపాయలు సహాయమే గాని అప్పు గాదు. చాలనిచో 70,000 రూపాయల వరకు బ్యాంకు ఋణమును కోరవచ్చును. ఇది తీర్పవలసిన సొమ్ము. ఇల్లు కనీసము 25 చదరపు మీటర్లు, అనగా సుమారు 30 చదరపు గజము లుండవలెను. పని సాగినకొలది ఛాయాచిత్రములు తీసి వాయిదాలలో సొమ్ము చెల్లింతురు. కావున మంజూరు కాకముందే పునాది త్రవ్వుట మంచిది గాదు.

జాబితాను గ్రామసభ పరిశీలించును. ఆనాడు ఊరిలో నుండి, పేరు సరిగా నున్నదో లేదో విని, లేనిచో వెంటనే వ్రాతపూర్వకముగా అప్పీలు చేసికొనుడు. అర్హత గలిగియు గడువు మీరుటచే అవకాశమును కోల్పోవుట కంటె విచారకరమైనది లేదు.