చర్మస్వేద చిహ్నముల పరీక్ష: పుట్టుక, పెంపు, పరిమితి

1997వ సంవత్సరమున ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్ను నగరమున పరిశోధన జేయుచుండిన రోలాండ్ వాన్ ఊర్‌స్కాట్, మాక్స్‌వెల్ జోన్స్ అను శాస్త్రజ్ఞులిరువురు, మనుష్యుడు చేతబట్టి విడిచిన కలము, టెలిఫోను వంటి నిత్యోపయోగ వస్తువులనుండి సైతము అతని డి.ఎన్.ఏ.ను గ్రహింపవచ్చునని ప్రకటించిరి. నేరపరిశోధనకు ఇది మహోపకారము. అయినను దానితోడనే యొక క్లిష్టప్రశ్నయు జనించెను. మృతుని కంఠముపై నొకని డి.ఎన్.ఏ. బయల్పడినంత మాత్రమున, అది దగ్గినపుడు పడిన తుంపరలదో, ఆ కంఠమును నులిమిన చేతినుండి రాలిన చర్మకణములదో డి.ఎన్.ఏ. చెప్పజాలదు. న్యాయపీఠమునకు కావలసినది ఆ భేదమే.

రక్తమునకును, లాలాజలమునకును రసాయన పరీక్షలు చిరకాలముగా వాడుకలో నున్నవి. చర్మమునకు మాత్రము అట్టి సులభోపాయము లేకుండెను. శరీరమునందలి కణములలో డి.ఎన్.ఏ. దాదాపు ఒక్కటియే యైనను, ప్రతి కణమును తన విధికి వలసిన జన్యువులను మాత్రమే మేల్కొలిపి, వానినుండి సందేశక ఆర్.ఎన్.ఏ.ను వ్రాసికొనును. ఊరిలోని యిండ్లన్నింట పంచాంగ మొక్కటే. ఏ యింట నేడు ఏ పండుగ జరుగుచున్నదో వంటయింటిని జూచియే తెలిసికొనవలెను. ఆర్.ఎన్.ఏ. అట్టి వంటయిల్లు.

ఆర్.ఎన్.ఏ.ను జూచి కణము ఏ జాతిదో గుర్తించు పద్ధతికి పూర్వరంగము 1970లోనే సిద్ధమయ్యెను. ఆ యేట హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేరువేరుగా కనుగొనిన ఎంజైము, ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చగలదు. కారీ మల్లిస్ కల్పించిన పి.సి.ఆర్. ప్రక్రియ ఆ డి.ఎన్.ఏ.ను లక్షలాది ప్రతులుగా పెంచగలదు. ఈ రెంటి నాధారము చేసికొని 2003లో అమెరికాలోని ఫ్లోరిడాలో జేన్ జూసోలా, జాక్ బాలంటైన్ శారీరక ద్రవములను సందేశక ఆర్.ఎన్.ఏ.చే గుర్తించు మార్గమును ప్రతిపాదించిరి. 2010లో జపాను పరిశోధకులు స్వేదగ్రంథులలో తయారగు డెర్మ్‌సిడిన్ అను సూక్ష్మజీవినాశక పదార్థపు ఆర్.ఎన్.ఏ.ను చెమట ఆనవాలుగా నిరూపించిరి. 2011లో నెదర్లాండ్సులోని రాటర్‌డాము శాస్త్రజ్ఞులు కార్నియోడెస్మోసిన్, లోరిక్రిన్, కెరటిన్-9 అను మూడింటిని చర్మచిహ్నములుగా చూపిరి. వీనిలో కడపటిది ముఖ్యముగా అరచేతులలో, అరికాళ్లలో ఉత్పత్తియగునది. మరుసటి యేట ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు ఎల్.సి.ఇ.1సి అను మరియొక సున్నితమైన చిహ్నమును ప్రకటించిరి.

ఈ చర్మచిహ్నముల ఎన్నికలో నొక చమత్కారము కలదు. మన చర్మమునుండి రాలు పైపొర కణములు కేంద్రకమును గోల్పోయి గట్టిపడినవి; కావున అవి గట్టిపడుచున్న అంత్యదశలో కణము వ్రాసిన సందేశములే ఆ రాలిన పొట్టులో మిగులుటకు ఎక్కువ అవకాశము గలవి.

ప్రయోగశాలలో జరుగు పని యిది. తడిపిన దూదిపుల్లతో తుడిచిన జాడను రసాయన ద్రావణమున నానబెట్టి, ఒకే నమూనానుండి డి.ఎన్.ఏ.ను, ఆర్.ఎన్.ఏ.ను వేరుపరతురు. మొదటిదానితో వ్యక్తి యెవరో నిర్ణయింతురు. రెండవదానిలో కలిసియున్న డి.ఎన్.ఏ. లేశమును ఎంజైముచే నశింపజేసి, ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చి, పి.సి.ఆర్.చే వృద్ధిచేసి, సన్నని గాజు కేశనాళికలో విద్యుత్తుచే పరుగెత్తించినచో, చిహ్నమున్నచోట తెరమీద శిఖరము లేచును.

ఆర్.ఎన్.ఏ. అత్యంత దుర్బలమనియు, మన వ్రేళ్లపై నుండు ఎంజైములే దానిని తినివేయుననియు శాస్త్రజ్ఞులు శంకించిరి. కాని నీరు లేనిదే ఆ ఎంజైములకు శక్తి చాలదు. ఎండిన మరకలో ఆర్.ఎన్.ఏ. నిలుచును. పదునారేండ్ల నాటి రక్తపు, లాలాజలపు మరకలనుండి సైతము దానిని గుర్తించినట్లు రాటర్‌డాము పరిశోధకులు 2009లో వెల్లడించిరి. చర్మచిహ్నములను యూరపునందలి పలు ప్రయోగశాలలు కలిసి పరీక్షించి, ఆ ఫలితములను 2015లో ప్రచురించెను.

అయినను దీని పరిమితిని మరువరాదు. తాకిన జాడలో కణములు మిక్కిలి తక్కువ. చిహ్నము కనబడనంత మాత్రమున చర్మము లేదని తీర్పు చెప్పరాదు. ఇరువురి కణములు కలిసియున్నచో, ఆ చర్మ మెవరిదో ఆర్.ఎన్.ఏ. చిహ్నము తెలుపదు. చర్మము దొరకినంత మాత్రమున నేరము ఋజువు కాదు. కరచాలనముచేతను చర్మము రాలును. ఈ పరీక్ష ఇచ్చునది సాక్ష్యమే గాని తీర్పు కాదు. ఆ భేదమెరిగి వినియోగించినపుడే ఇది నిరపరాధికి రక్షయు, అపరాధికి శిక్షయు కాగలదు.