చలికాలము మేలా, వేసవి మేలా?

ఏ గ్రామమునకు పోయినను రైతులు చలికాలమునే మెచ్చుకొనుట మేము వినుచుందుము. ఎండబాధ యుండదు; పశువులు డస్సిపోవు; ఖరీఫు ధాన్యము ఇల్లు చేరును; సంక్రాంతి పండుగ వచ్చును. నల్లరేగళ్లలో శనగ పెరుగుటకును, మామిడి పూత పూయుటకును చలి యవసరమే. అయినను పొలమునకు ఏ కాలము మేలని యడిగినచో మేము వేసవినే చెప్పుదుము. అందులకు గల కారణములను సభ్యులు సావధానముగా చదువ గోరుచున్నాము.

చలికాలము పైరు శత్రువులకును సుఖమైన కాలమే. రాత్రులు చల్లబడి, మంచు కురిసి, పొద్దెక్కువరకు ఆకులు తడిగా నున్నచో వరికి అగ్గితెగులు సోకును. 1986లో బాపట్ల నుండి విడుదలయైన సాంబమసూరి రుచికి పేరుపడిన రకమే కాని, ఈ తెగులునకు సులభముగా లొంగును. నత్రజని యెరువు మితిమీరి వేసినచో తెగులు మఱింత హెచ్చును. దాళ్వా నారు సైతము చలికి ఎదుగక నిలిచిపోవును.

వేసవిలో ఎండయే మన కూలివాడు. వేసవి జల్లు పడగానే వాలునకు అడ్డముగా లోతుగా దున్నినచో కలుగు లాభములు చూడుడు. వేరుసెనగను నాశనము చేయు ఎఱ్ఱ గొంగళిపురుగు, కోశదశలో నేలయందు దాగి, తొలకరి వానకు రెక్కల పురుగై వెలువడి గ్రుడ్లు పెట్టును. నాగలి ఆ కోశములను పైకి తీయగా పక్షులు ఏరి తినును; మిగిలినవి ఎండకు మాడును. వరికొయ్యలలోని కాండము తొలుచు పురుగులు, తుంగగడ్డలు, గరిక వేళ్లు కూడ ఇట్లే నశించును. దున్నిన నేల తొలకరి నీటిని పాఱిపోనీయక త్రాగును.

అయితే ఒక్కరు దున్ని, ప్రక్కవారు బీడు విడిచినచో ఫలము సగమే. రెక్కల పురుగునకు గట్టు అడ్డము కాదు.

కూరగాయల నారుమళ్లకును ఎండ మందువంటిది. మడిని తడిపి, వెలుతురు చొచ్చునట్టి పలుచని ప్లాస్టికు పట్టా పఱచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుండి ఆఱు వారములు ఉంచినచో నారుకుళ్లు కలిగించు శిలీంధ్రములును, కలుపు విత్తనములును చాలవఱకు చచ్చును. ఈ పద్ధతిని ఇశ్రాయేలు దేశపు శాస్త్రజ్ఞులు 1976లో ప్రకటించిరి.

విత్తనము దాచుటకును వేసవియే తగిన కాలము. వరి విత్తనములో తేమ నూటికి 13 పాళ్లు, పప్పుధాన్యపు విత్తనములో 9 పాళ్లు మించరాదు. వేరుసెనగ విత్తనపు కాయలను మాత్రము మండుటెండలో నుంచక నీడపట్టున ఆరబెట్టవలయును. లేనిచో మొలక చెడును. ఎండిన చెరువులనుండి పూడికమట్టి తోలుకొనుటకును ఇదియే అదను. 2015లో తెలంగాణమున ప్రారంభమైన మిషన్ కాకతీయ పనులలో ఇట్టి మట్టి యెంతయో పొలములకు చేరినది.

వేసవి ప్రమాదకరము కాదని మేము చెప్పము. 2015 మే నెలలో తెలుగు రాష్ట్రములలో వడదెబ్బకు వేయిమందికి పైగా మరణించిరి. కావున దుక్కి, మట్టితోలకము తెల్లవాఱుజామున మొదలిడి, ఎండ ముదురకమునుపే ముగింపవలయును. తలకు పాగా, చెంత నీళ్లకుండ, ఉప్పు వేసిన మజ్జిగ తప్పనిసరి. పశువులకును నీడయు నీరును కావలయును.

పురుగుమందులకై చేసిన అప్పునకు వడ్డీ కట్టక తప్పదు. ఎండ చేసిన పనికి వడ్డీ లేదు. కావున ప్రతి సంఘపు సభ్యులును ఉగాది లోపున కూడి, ఏ పొలములు కలిపి దున్నవలయునో, ట్రాక్టరు ఎవరు తేవలయునో, అద్దె ఎట్లు పంచుకొనవలయునో ముందుగా నిర్ణయించుకొనుట మంచిది. జల్లు పడిన పిమ్మట ఆలోచించువారికి పదను చిక్కదు.